పొగగొట్టం కప్పు దాటే చోట

ఇల్లు, మరమ్మతు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గ్యాస్ వచ్చి ఇన్నేండ్లయినా మన దిక్కు చాలా ఇండ్లలో కట్టెల పొయ్యి ఆరలేదు. కాగులో నీళ్లకు, జొన్న రొట్టెలకు, నలుగురు చుట్టాలు వచ్చిననాడు పెద్ద వంటకు అదే కావాలి. ఆ పొయ్యికి గొట్టం పెట్టి పొగను కప్పు మీదికి ఎట్లా పంపాలని ఈసారి వరుసగా ఉత్తరాలు వచ్చాయి. అన్నింటినీ ఒకచోట చేర్చి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది ఇనుప రేకుల వంటిల్లు. రేకుల కింద సర్వి బాదులున్నయి. వెల్డింగ్ దుకాణంల ఇనుప పొయ్యి చేయించినం, వెనుక 4 అంగుళాల గొట్టం మూతి పెట్టిండు. రేకుకు గొట్టం పట్టేంత రంధ్రం కొట్టి, చుట్టూ సీలెంట్ పూస్తే చాలు అంటున్నడు. చాలుతదా?
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: చాలదమ్మా. రేకు కాలదు గానీ దాని కింద ఉన్న సర్వి బాదు కాలుతుంది. కర్ర ఒక్కరోజులో అంటుకోదు. రోజూ వేడి తగిలి తగిలి లోపలి తేమ ఆరిపోతుంది, ముందు డికాషన్ రంగుకు తిరుగుతుంది, తర్వాత పైపొర నల్లబడి బొగ్గుబారుతుంది. అట్లా బొగ్గుబారిన కర్ర, మామూలు కర్ర అంటుకునే వేడి కంటే చాలా తక్కువ వేడికే రాజుకుంటుంది. అందుకే కొత్తలో ఏమీ కాలేదని ధీమాగా ఉన్న ఇంట్లో ఏండ్లు గడిచాక ఒక రాత్రి కప్పులోంచి పొగ లేస్తుంది. ఇప్పటికే గొట్టం పెట్టుకున్నవాళ్లు ఎవరైనా సరే, టార్చిలైటు పట్టుకొని గొట్టానికి దగ్గరగా ఉన్న బాదు రంగు ఒకసారి చూసుకోండి. గోధుమ రంగుకు మారి ఉంటే దూరం చాలలేదన్నట్టే.

ఒంటిపొర ఇనుప గొట్టానికీ, కాలే గుణమున్న ఏ వస్తువుకైనా మధ్య 18 అంగుళాల ఖాళీ ఉండాలి. గొట్టం 4, అటు 18, ఇటు 18, కలిపి 40 అంగుళాలు. బాదుకూ బాదుకూ మధ్య 40 అంగుళాల ఎడం ఉన్న చోటు ముందు వెతకండి, పొయ్యిని దాని కిందికి జరపండి. పొయ్యి ఉన్నచోట కప్పును కోయడం కంటే కప్పు ఒప్పుకున్న చోటికి పొయ్యిని తేవడం తేలిక. అంత ఎడం ఎక్కడా లేకపోతే, అడ్డొచ్చే బాదు ముక్కను తీసి దాని బరువు మోసేటట్టు ఇనుప యాంగ్లర్ కట్టించాలి. ముందు కింద ఆనింపు పెట్టి ఆ తర్వాతే కోయాలి. అదీ కుదరకపోతే బాదుకు, గొట్టానికి మధ్య 24 గేజి రేకు ఒకటి అడ్డం కట్టి 18 అంగుళాలను 9 దాకా తగ్గించుకోవచ్చు. ఆ రేకు బాదుకు అతుక్కొని ఉండొద్దు. అంగుళం పొడుగు ఇనుప పైపు ముక్కలు మధ్యలో పెట్టి స్క్రూ బిగిస్తే వెనుక నుంచి గాలి ఆడుతుంది. ఆ గాలి ఆడకపోతే రేకు వేడి నేరుగా కర్రకే పోతుంది, కట్టీ లాభం లేదు.

చోటు కుదిరాక రేకు కింది నుంచి తూకం గుండు వదలండి. గుండు పొయ్యి మూతి నడిమధ్యకు పడేచోట రేకు మీద గుర్తు పెట్టండి. గొట్టం మూతి నుంచి పైకొస వరకు నిటారుగా పోవడమే అన్నిటికన్నా మంచిది.

ఇక సామాను. మూతి నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున ఉండి, రేకు ఆ చోట 9 అడుగుల ఎత్తున ఉందనుకుంటే, పైన 3 అడుగులు కలిపి దాదాపు 10 అడుగుల గొట్టం పడుతుంది. పొయ్యికి ఆనుకున్న మొదటి 3 అడుగులు 16 గేజి నల్ల ఇనుముతో చేయించండి. అక్కడ జీఐ గొట్టం వాడొద్దు. జీఐ మీదుండే జింకు పూత 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకుముందే పొరలు లేచి చెడిపోతుంది, ఆ పొగ పీల్చడం మంచిది కాదు. మిగతా 7 అడుగులు 304 రకం స్టీలైతే ఏండ్ల తరబడి ఉంటుంది. 22 గేజి జీఐ కూడా నడుస్తుంది గానీ పొగలోని పులుపు దాన్ని లోపలి నుంచి తింటుంది, కప్పు పైభాగం ముందు పోతుంది. దీనితోపాటు 8 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అడుగుల పొడుగు ఉన్న జీఐ తొడుగు ఒకటి, దాని చుట్టూ అతికిన పరుపు రేకు ఒకటి, గొట్టానికి వేసే గొడుగు రేకు ఒకటి, పైన టోపీ ఒకటి, ప్రతి జాయింటుకు 3 చొప్పున సెల్ఫ్ స్క్రూలు, ఎర్ర రంగులో దొరికే వేడికి తట్టుకునే సిలికాన్ ఒక ట్యూబు. మామూలు తెల్ల సిలికాన్, ఎంసీల్, డాంబర్ ఇవేవీ గొట్టం దగ్గరికి రానీయొద్దు. డాంబర్ అయితే కారి అంటుకుంటుంది కూడా.

రేకులో కొట్టే రంధ్రం తొడుగుకు సరిపడా 8 అంగుళాలు ఉండాలి. తొడుగు రేకుకు కింద 6 అంగుళాలు, పైన 12 అంగుళాలు ఉండేటట్టు నిలబెట్టండి. దాని నడుమ నుంచి 4 అంగుళాల గొట్టం పోతుంది. చుట్టూ 2 అంగుళాల ఖాళీ వస్తుంది. మూడు పక్కల మూడు బోల్టులతో గొట్టాన్ని మధ్యలో నిలపండి. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచండి. చలికాలం గాలి దూరుతోందని గోనె సంచి కుక్కేవాళ్లు, థర్మకోల్ పెట్టేవాళ్లు, పాత గుడ్డలు కూరేవాళ్లు మస్తుమంది ఉన్నారు. మంట పుట్టడానికి అంతకు మించిన ఏర్పాటు ఇంకొకటి ఉండదు. పిచ్చుకలు, ఎలుకలు రాకుండా కింది మూతికి ఇనుప జాలీ కడితే చాలు.

వాన సంగతి. పరుపు రేకు పై అంచు ఎప్పుడూ పైనున్న రేకు కిందికి దూరాలి, కింది అంచు కింది రేకు మీదికి రావాలి. రేకు మీద పరుపు పెట్టి నాలుగు పక్కలా సీలెంట్ పూస్తే మొదటి మృగశిర వానకే పై అంచు నుంచి నీళ్లు దూరుతాయి, ఎందుకంటే నీళ్లు వచ్చేది పైనుంచే. అందుకే రంధ్రం కొప్పుకు దగ్గరగా, రెండడుగుల లోపు ఉంటే పని సులువు: పరుపు రేకును కొప్పు రేకు కింద నుంచే దించుకోవచ్చు. తొడుగు పైమూతికి అంగుళం పైన గొట్టానికి గొడుగు రేకు బిగించి, గొట్టానికీ గొడుగుకూ మధ్య సందులో మాత్రమే ఎర్ర సిలికాన్ వేయండి. గొడుగుకు, తొడుగుకు మధ్య సందు మూయొద్దు. వేడి బయటికి పోయేది అక్కడి నుంచే.

జాయింట్లు బిగించేటప్పుడు చాలామంది తిరగేస్తారు. పై గొట్టం సన్న మూతి కింది గొట్టం లోపలికి దిగాలి. గొట్టంలో చల్లబడిన పొగ జిగట తారుగా మారి గోడల వెంట కిందికి జారుతుంది. సన్న మూతి కిందికి ఉంటే ఆ తారు లోపలే జారి పొయ్యిలోకి వచ్చి కాలిపోతుంది. తిరగేస్తే ప్రతి జాయింటు దగ్గర బయటికి కారి గొట్టం మీద నల్ల చారలు కడుతుంది. పొగ పైకి పోతుంది కదా అని పొగ వాలు చూసి బిగిస్తారు, చూడాల్సింది తారు వాలు.

ఎత్తు: గొట్టం రేకు దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి. చుట్టూ 10 అడుగుల లోపల కొప్పు గానీ, పక్కింటి గోడ గానీ, వేపచెట్టు గానీ ఉంటే దానికంటే 2 అడుగులు పైన ఉండాలి. రేకు మీద 5 అడుగులు దాటితే మూడు దిక్కులా తీగ లాగి కట్టండి. ఎండాకాలం గాలి దుమారానికి కట్టని గొట్టం నిలవదు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే కరెంటు తీగ దగ్గర్లో ఉంటే గొట్టం ఎత్తే ముందే లైన్‌మన్‌ను పిలిచి పక్కకు జరిపించుకోండి.

ప్రశ్న: మాది స్లాబు ఇల్లు. మేస్త్రి స్లాబుకు 4 అంగుళాల రంధ్రం కొట్టి గొట్టం దూర్చి సిమెంటుతో బిగిస్తానంటున్నాడు. కాంక్రీటు కాలదు కదా, ఇబ్బందేమిటి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కాలదు, పగులుతుంది. 10 అడుగుల ఇనుప గొట్టం 200 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు పొడుగవుతుంది, చల్లారితే మళ్లీ తగ్గుతుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పొయ్యి వెలిగిస్తే రోజుకు రెండుసార్లు ఆ గొట్టం సిమెంటును లాగుతుంది, తోస్తుంది. నెల తిరగకముందే గొట్టం చుట్టూ వెంట్రుకంత సందు పడుతుంది. వానకు ఆ సందులోంచి నీళ్లు దిగి స్లాబులోని చువ్వలకు తుప్పు పడుతుంది. కాంక్రీటు కూడా 300 డిగ్రీలు దాటితే బలం తగ్గడం మొదలుపెడుతుంది.

కాబట్టి గొట్టం స్లాబును తాకకుండా పోవాలి. 4 అంగుళాల గొట్టానికి 6 అంగుళాల రంధ్రం తీసి, లోపల జీఐ తొడుగు పెట్టి, తొడుగుకూ గొట్టానికీ మధ్యలో వచ్చే ఇంచుమించు అంగుళం సందులో రాక్‌వూల్ వదులుగా నింపండి. రాతిని కరిగించి తీసిన నార కాబట్టి పొగగొట్టం వేడికి అది కాలదు, కరగదు. పై ప్రశ్నలో ఖాళీని ఖాళీగా ఉంచమన్నాం, ఇక్కడ నింపమంటున్నాం. అక్కడ దగ్గర్లో కర్ర ఉంది, చల్లగాలి ఆడాలి. ఇక్కడ చుట్టూ కాంక్రీటే కాబట్టి వేడిని ఆపితే చాలు.

రంధ్రం సుత్తె, శానంతో కొట్టించొద్దు. దెబ్బలకు కింది పెచ్చు పెద్దగా ఊడుతుంది. కోర్ కటింగ్ మిషన్ వాళ్లు అన్ని పట్టణాల్లోనూ ఉన్నారు, ఏసీ పైపులకు రంధ్రాలు వేసేది వాళ్లే. చాలా ఇండ్ల స్లాబుల్లో చువ్వలు 6 అంగుళాల ఎడంతో ఉంటాయి, అంటే చూసి వేస్తే ఒక చువ్వ తెగినా రెండోది మిగులుతుంది. దూలాలు, స్తంభాల మీద, బయటికి పొడుచుకొచ్చిన సజ్జ మీద, గది నడిమధ్యన వేయొద్దు. గోడకు రెండడుగుల దూరంలో వేసుకోవడం మంచిది. ఫ్యాను కొక్కేలు, లైట్ల నుంచి స్లాబులో పోయే కరెంటు పైపులు ఏ దిక్కుకు పోతున్నాయో ఎలక్ట్రీషియన్‌ను అడిగి తెలుసుకున్నాకే గుర్తు పెట్టండి.

స్లాబు మీద తొడుగు చుట్టూ 6 అంగుళాల ఎత్తు గట్టు కట్టి, వాటర్‌ప్రూఫ్ కలిపిన మాలుతో నున్నగా తీయండి. పైన గొడుగు రేకు మామూలే. మాలు ఆరాక గట్టు చుట్టూ 2 అంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెట్టి చూడండి. చెమ్మ కనబడితే అప్పుడే సరిచేసుకోవచ్చు, ఆషాఢంలో కాదు.

మా మాట అడిగితే, వంటింటికి బయటి గోడ ఉన్నవాళ్లు స్లాబు జోలికే పోకుండా గోడలోంచి తీసుకుపోవడం మేలు. అది ఎట్లాగో కింద సిమెంటు రేకుల ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: మాది సిమెంటు రేకుల ఇల్లు. కటింగ్ మిషన్‌తో రేకు కోసి గొట్టం పెట్టొచ్చునా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. మిషన్ పెట్టగానే లేచే దుమ్ములో కంటికి కనబడని ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. దశాబ్దాల తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు, క్యాన్సర్‌కు దారి తీస్తుంది. కోసినవాడొక్కడికే కాదు, ఆ దుమ్ము ఊడ్చిన ఇంటి ఆడవాళ్లకు, ఆడుకునే పిల్లలకు కూడా. పైగా గొట్టం వేడి తగిలితే సిమెంటు రేకు పటపటమని పగిలి ముక్కలు ఎగురుతుంది.

రేకుల వాలు లేని పక్క గోడ చూడండి. పొయ్యి మీద గొట్టాన్ని రెండు మూడడుగులు నిటారుగా లేపి, 45 డిగ్రీల వంపులు రెండు వేసి గోడలోంచి ఏటవాలుగా బయటికి తీయండి. 90 డిగ్రీల వంపు పెడితే పొగ తలుపు కొట్టినట్టు ఆగుతుంది, మూలలో మసి పేరుకుంటుంది. అడ్డంగా పోయే ముక్క ఉంటే అడుగుకు పావు అంగుళం చొప్పున పైకి వాలు ఇవ్వండి. గోడలో కూడా 6 అంగుళాల తొడుగు, మధ్యలో రాక్‌వూల్. గోడ బయట టీ ముక్క వేసి దాని కింది మూతికి డబ్బా మూత పెడితే మసి దులపడానికి దారి ఉంటుంది. అక్కడి నుంచి గోడకు క్లాంపులు కొట్టి నిటారుగా పైకి. చూరుకు, గొట్టానికి 18 అంగుళాల ఎడం ఉండాలి.

బయట నిలబడ్డ గొట్టం చలికి త్వరగా చల్లబడుతుంది కాబట్టి తారు ఎక్కువ పడుతుంది. ఇంటి లోపలి గొట్టం కంటే రెండింతలు తరచుగా దులపాలి. ఏ పనికైనా సిమెంటు రేకుల మీదికి ఎక్కాల్సి వస్తే అడ్డబాదుల మీద ఆనేటట్టు పొడుగు చెక్కలు వేసి వాటి మీదే నడవండి. ఒట్టి రేకు మీద కాలు పెడితే విరిగి కింద పడతారు.

ప్రశ్న: బోరు వేసినప్పుడు మిగిలిన కేసింగ్ పైపు 10 అడుగులుంది. దాన్నే పొగగొట్టంగా పెట్టుకుంటే కొత్తది కొనే పని తప్పుతది కదా?
– ఒక రైతు, కల్వకుర్తి

జవాబు: ప్లాస్టిక్ కేసింగ్ అయితే ఆ ఆలోచనే మానుకోండి. పీవీసీ 80 డిగ్రీలకే మెత్తబడుతుంది, కాలితే వచ్చే పొగ గొంతు, కండ్లు మండించే ఆమ్లం. పొయ్యికి దూరంగా పైభాగంలోనే పెడతామన్నా అదే మాట. ఇనుప కేసింగ్ అయితే చిక్కు వేరు. ఆరున్నర అంగుళాల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపు మీటరుకు 20 కిలోల దాకా తూగుతుంది, మీ 10 అడుగులు 60 కిలోలు. పొయ్యి దాన్ని మోయలేదు, రేకులు అసలే మోయలేవు. అంత మందం ఇనుము వేడెక్కేలోపు వంట అయిపోతుంది, చల్లటి గొట్టంలో పొగ లేవదు, తారు కడుతుంది. దాన్ని తోటలో పందిరి గుంజకు వాడుకోండి.

ప్రశ్న: చలికాలమంతా గొట్టం బాగానే లాగింది. వానకాలం పడమటి గాలి మొదలైనప్పటి నుంచి పొగ తిరిగి వంటింట్లోకే వస్తోంది. పక్కన పడమర దిక్కు కొత్తగా రెండంతస్తుల ఇల్లు లేచింది. దానివల్లేనా?
– ఒక పాఠకురాలు, నారాయణపేట

జవాబు: ఎక్కువ భాగం దానివల్లే. పడమటి గాలి ఆ ఇంటి గోడ ఎక్కి ఇవతలికి దూకేటప్పుడు కిందికి సుడి తిరుగుతుంది. ఆ సుడి మీ గొట్టం మూతి మీద పడి పొగను వెనక్కి నెడుతుంది. రెండంతస్తులకు పైన 2 అడుగులు గొట్టం లేపడం అయ్యే పని కాదు. అందుకని టోపీ తీసేసి, ఇంగ్లిషు హెచ్ అక్షరం ఆకారంలో ఉండే పై ముక్క చేయించి పెట్టండి. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా, పైనుంచి దిగినా, దానిలో పొగకు ఒక దారి మిగులుతుంది. గొట్టం 4 అంగుళాలైతే ఆ ముక్క కూడా 4 అంగుళాలే. దుకాణంలో ఉన్నది 3 అంగుళాలదని దాన్నే అతికించొద్దు. 4 నుంచి 3కు దిగితే పొగ దారి దాదాపు సగమైపోతుంది.

ఆ ఖర్చు పెట్టేముందు ఇంకో మూడు చూడండి. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను నడుస్తోందా? తలుపులు, కిటికీలు మూసి ఫ్యాను వేస్తే అది గాలిని గొట్టంలోంచే కిందికి లాగుతుంది. పొయ్యి మండేటప్పుడు ఫ్యాను ఆపి ఒక కిటికీ తెరవండి. రెండు, టోపీ కింద జాలీ. నిప్పురవ్వలు ఆపడానికి అర అంగుళం కన్నుల జాలీ చాలు, దోమతెరలాంటి సన్న జాలీ వేస్తే నెలలోపే మసి పట్టి మూసుకుంటుంది. మూడు, కట్టెలు. వానకాలం పత్తికట్టె, కందికట్టె ఆరుబయట తడిసి ఉంటాయి. తడి కట్టె వేడిలో కొంత భాగం నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది, గొట్టం చల్లగా ఉండి పొగ లేవదు. సర్కారు తుమ్మ అయితే నరికాక చీల్చి, కప్పు కింద ఆరు నెలలు పేర్చాలి. చివర్లలో పగుళ్లు విచ్చి, రెండు కట్టెలు కొడితే టంగుమని మోగితే ఎండినట్టు. పొయ్యి వెలిగించే ముందు ఒక పిడికెడు ఎండు పత్తికట్టెను గొట్టం మూతి దగ్గర మండించి, గొట్టం వెచ్చబడ్డాక కట్టెలు పెట్టండి.

ప్రశ్న: గొట్టం ఎన్ని రోజులకు దులపాలి? మా ఊళ్లో ఒక ఇంట్లో గొట్టమే మండిందని విన్నాం, నిజమేనా?
– ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: నిజమే. లోపల పేరుకున్న తారు మండితే గొట్టంలో రైలు పోతున్నట్టు హోరు వస్తుంది, పైనుంచి రవ్వలు లేస్తాయి, గొట్టం ఎర్రబడుతుంది. వేడి 1,000 డిగ్రీలు దాటగలదు. మొదట చెప్పిన 18 అంగుళాల దూరం ఆ రోజుకు కూడా పనికి రావాలనే. అట్లా జరిగితే పొయ్యి తలుపు, గాలి కంత మూసేయండి, గాలి అందక మంట తగ్గుతుంది. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి అందరూ బయటికి రండి, 101కు ఫోన్ చేయండి. ఎర్రబడ్డ గొట్టం మీద నీళ్లు కొట్టొద్దు. ఆవిరి ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది, జాయింట్లు విడిపోతాయి. ఆ తర్వాత ప్రతి జాయింటూ విప్పి చూసేదాకా మళ్లీ వెలిగించొద్దు.

దులపడానికి తారీఖు కంటే మందం చూడటం మేలు. టోపీ తీసి లోపలి గోడను పుల్లతో గీకండి. 3 మిల్లీమీటర్లు, అంటే రెండు రూపాయి బిళ్లలు పేర్చినంత మసి ఉంటే దులపాల్సిందే. రోజూ వాడే పొయ్యికి వానకాలంలో అది నెలలోపే రావచ్చు. గొట్టం చల్లారాక పొయ్యి తలుపు మూసి, కొబ్బరి పీచు కట్టను తాడుకు కట్టి, కింద చిన్న బరువు వేలాడదీసి పైనుంచి దించండి, లాగండి. మెత్తటి పొడి మసి రాలితే బాగున్నట్టు. గాజులా మెరిసే నల్ల పెచ్చు గట్టిగా అంటుకొని ఉంటే పీచుకు లొంగదు. ఆ గొట్టం ముక్క తీసేసి కొత్తది వేయండి, ఎండు కట్టెలే వాడండి.

రాత్రి పొయ్యిలో నిప్పులు మిగిల్చి గొట్టం డాంపర్ (గొట్టంలో పొగ దారిని మూసే, తెరిచే రేకు) పూర్తిగా మూసి అదే గదిలో పడుకోవద్దు. కణకణలాడే బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. నిప్పులు పూర్తిగా ఆరేదాకా డాంపర్ కొంతైనా తెరిచి ఉంచండి.